సంతకానికే సంబళం

“మామా, ఏం చదివితే ఎక్కువ సంబళం వస్తుంది?”

చోళపురం బస్‌స్టాపులో మా వీధి కుర్రాడు అడిగాడు. ప్లస్ టూ పరీక్షలు అయిపోయాయి, ఫలితాలు ఇంకా రాలేదు. రాజపాళయం మీదుగా తెన్‌కాశికి పోయే దారిలో ఉంటుంది మా ఊరు. ఇక్కడి తెలుగిళ్లలో జీతాన్ని సంబళం అనే అంటాం. ఆ మాట వాడి నోట ఎంత ఆశగా పలికిందంటే, ఏదో ఒకటి చెప్పి పంపేయడానికి నాకు మనసొప్పలేదు.

“ఎవరి సంతకం లేకపోతే పని ఆగిపోతుందో వాళ్లకి ఎక్కువ ఇస్తార్రా. ముందు ఆ సంతకాలు ఎవరివో చూసి రా” అన్నాను. అంతలో బస్సొచ్చింది. మెట్టు మీంచి వాడు వెనక్కి తిరిగి చూసిన చూపులోనే తెలిసిపోయింది, నా మాట బుర్రకెక్కలేదని. ఆ రెండు నిమిషాల్లో చెప్పలేనిది ఇక్కడ చెబుతాను. ఆ వయసు పిల్లలున్న ఇంట్లో ఎవరు చదివినా పనికొస్తుంది.

దూరం పోనక్కర్లేదు, రాజపాళయం పక్కనున్న చత్రపట్టితోనే మొదలుపెడదాం. గాయాలకి కట్టే బ్యాండేజి గుడ్డ నేయడంలో ఆ ఊరికి పెద్ద పేరు. వీధిలో అడుగుపెడితే మరమగ్గాల టకటక తప్ప ఇంకేమీ వినపడదు. పక్కవాళ్లతో మాట్లాడాలన్నా చెవి దగ్గరకి వెళ్లి అరవాలి. ఆ చప్పుడులో గంటల తరబడి నిలబడి మనుషులు నేస్తుంటారు. నేసినదాన్ని బట్టి కూలి.

అదే గుడ్డని ఆసుపత్రికి పంపేముందు ఏం చేస్తారో చూడండి. తెల్లగా ఉతికి ఆరబెట్టిన గుడ్డలోంచి ఒక ముక్క కోస్తారు. దాన్ని మడిచి నీళ్ల పాత్రలో మెల్లగా వదులుతారు. చేతిలో స్టాప్‌వాచ్. 10 సెకన్లలోపు ఆ ముక్క నీళ్లు పీల్చుకుని మునిగిపోవాలి. పైన తేలుతూ ఉందంటే, నూలులో సహజంగా ఉండే మైనం, జిడ్డు పూర్తిగా వదల్లేదన్నమాట. అలాంటి గుడ్డ కట్టినా రక్తం పీల్చదు. ఆ తర్వాత పోగుల లెక్క, బరువు, ఆమ్లం క్షారం ఏమైనా మిగిలాయా అన్న పరీక్ష. అన్నీ అయ్యాక రిపోర్టు కింద ఒక సంతకం పడుతుంది. సర్జికల్ డ్రెస్సింగుల తయారీకి ఔషధ నియంత్రణ శాఖ లైసెన్సు ఉండాలి. పరీక్షించే మనిషికి తగిన చదువు, అనుభవం ఉండి తీరాలి. ఆ మనిషి చాలాచోట్ల కెమిస్ట్రీ డిగ్రీ చదివి, ఎవరో పెద్దవాళ్ల దగ్గర నాలుగేళ్లు నలిగినవాళ్లే అయివుంటారు.

మగ్గం దగ్గరి శ్రమ తక్కువదా? కానే కాదు. కాని మగ్గం దగ్గర మనిషి మానేస్తే మర్నాడు ఇంకొకరిని నిలబెడతారు. సంతకం పెట్టే మనిషి మానేస్తే లారీ కదలదు. జీతాల్లో తేడా అక్కడ పుడుతోంది. ఇది న్యాయమేనా అని నన్నడిగితే, కాదనే అంటాను. మగ్గం పని చేసే చేతులకి ఇంకా ఎక్కువ దక్కాలి. అయితే పదిహేడేళ్ల పిల్లవాడు దారి అడిగినప్పుడు లోకం ఎలా ఉందో ఉన్నదున్నట్టు చెప్పడం పెద్దల బాధ్యత.

సంతకం అంటే ఇక్కడ నా అర్థం పూచీ. “ఇది సరిగ్గా ఉంది, తేడా వస్తే నన్నడగండి” అని ఒక మనిషి పేరు పెట్టి చెప్పడం. విమానం నడిపే పైలట్, మత్తు ఇచ్చే డాక్టరు, వంతెన లెక్క వేసిన ఇంజనీరు, కంపెనీ పద్దుల కింద సంతకం పెట్టే చార్టర్డ్ అకౌంటెంటు, ఇన్సూరెన్స్ కంపెనీకి నష్టభయం లెక్కగట్టడానికి తప్పనిసరిగా ఉండాల్సిన ఆక్చువరీ, వీళ్లందరి చదువులూ వేరు. జీతాలు పెద్దవి కావడానికి కారణం మాత్రం ఒక్కటే. వీళ్లు తప్పు చేస్తే జరిగే నష్టం చాలా పెద్దది, ఆ నష్టానికి జవాబు చెప్పే పేరు వీళ్లది. అందుకే కాలేజీ బ్రోషర్‌లో “ప్యాకేజీ” ఎంత అని చూసేముందు ఒక ప్రశ్న వేసుకోండి: ఈ కోర్సు పూర్తయ్యాక నా పేరు దేని కింద పడుతుంది? జవాబు దొరక్కపోతే ఆ కోర్సు గురించి ఇంకోసారి ఆలోచించండి.

సి.ఎ. సంగతే తీసుకుందాం. మన ఊళ్లలో ఇంజనీరింగ్ సీటు కోసం పొలం తాకట్టు పెట్టేవాళ్లున్నారు గాని, సి.ఎ. ఫీజెంతో కనుక్కున్నవాళ్లు తక్కువ. మూడు దశలకీ కలిపి సి.ఎ. ఇన్‌స్టిట్యూట్‌కి కట్టే రిజిస్ట్రేషన్ ఫీజులు లక్షలోపే. ప్లస్ టూ తర్వాత ఫౌండేషన్ పరీక్ష రాయొచ్చు. డిగ్రీ అయ్యాక వచ్చేవాళ్లు కామర్స్‌లో 55 శాతం, ఇతర డిగ్రీల్లో 60 శాతం మార్కులుంటే ఫౌండేషన్ లేకుండా నేరుగా రెండో దశ అయిన సి.ఎ. ఇంటర్మీడియట్‌కి వెళ్లొచ్చు. ఆ తర్వాత ఆర్టికల్‌షిప్. 2023లో వచ్చిన కొత్త పద్ధతిలో దీన్ని మూడేళ్ల నుంచి రెండేళ్లకి తగ్గించారు. ఆ రెండేళ్లూ ఒక ఆడిటర్ దగ్గర స్టైపెండు మీద పని. వోచర్లు ఒక్కొక్కటే తిరగేసి, బిల్లుతో సరిచూసి, టిక్కు పెట్టి, తేడా ఉంటే పక్కన రాసుకోవడం. పత్తి మిల్లు గోడౌన్లో బేళ్లు లెక్కపెట్టడం. చదివినదంతా అక్కడే ఒంటికి పడుతుంది. పరీక్షలు కష్టమైనవి, మొదటి ప్రయత్నంలో గట్టెక్కేవాళ్లు కొద్దిమందే. ఆ సంగతి దాచి చెప్పడం పాపం. కాని గట్టెక్కినవాళ్ల సంతకానికి ఎంత గట్టి విలువంటే, 2019 నుంచి ప్రతి సర్టిఫికెట్టుకీ 18 అంకెలు, అక్షరాలు కలిసిన యూడీఐఎన్ అనే విడి నంబరు తీసుకోవాలి. బ్యాంకువాళ్లు ఆ నంబరు కొట్టి, ఆ సంతకం నిజమైనదో కాదో చూసుకుంటారు. సంతకాన్నే లెక్కపెట్టి కాపాడుతున్న వృత్తి అది.

ఇక్కడ నా సొంత సంగతి ఒకటి చెప్పాలి. డిగ్రీ అయ్యాక నాకు రెండు దారులు కనిపించాయి. ఒకటి, తెలిసిన ఆడిటర్ దగ్గర తక్కువ స్టైపెండుతో కుర్చీ. రెండోది, ఒక కంపెనీలో దానికి నాలుగింతల జీతం. రెండోదాన్నే పట్టుకున్నాను. ఇంట్లో అందరూ సంతోషపడ్డారు, నేనూ పడ్డాను. ఐదేళ్లు రిపోర్టులు తయారుచేశాను. ప్రతి రిపోర్టు కిందా ఇంకొకరి సంతకం. ఐదేళ్ల తర్వాత అక్కడ సగంమందిని తీసేసినప్పుడు, నేను చేసిన పని నాదని చూపించే కాగితం ఒక్కటి కూడా నా చేతిలో లేదు. అప్పటికి ఆ ఆడిటర్ దగ్గర చేరినవాడు తన పేరుతో బోర్డు పెట్టుకున్నాడు. మొదటి జీతం చూసి తీసుకున్న ఆ నిర్ణయానికి నేను పదేళ్లు ఖరీదు కట్టాను. ఈ వ్యాసం రాయడానికి అదీ ఒక కారణం.

పెద్ద జీతాల ఉద్యోగాల్లో చాలావాటికి ముందు ఇలాంటి గడప ఒకటుంటుంది. సంతకం ఉన్న మనిషి పక్కన తక్కువ డబ్బుతో నిలబడే ఒకటి నుంచి మూడేళ్ల కాలం. సి.ఎ.కి ఆర్టికల్‌షిప్, డాక్టరుకి హౌస్ సర్జన్సీ, లాయరుకి సీనియర్ ఛాంబరు, ఓడ ఆఫీసరుకి కేడెట్ కాలం, ఫ్యాక్టరీలో ట్రైనీ. ఈ గడప దగ్గరే మన పిల్లలు ఎక్కువగా వెనక్కి తిరుగుతున్నారు. “ఇంత చదివి ఇంతేనా?” అని ఇంట్లోనే ముందు అనేస్తాం. దయచేసి అనకండి. ఆ కాలమంతా ఇల్లు ఎలా గడపాలో ముందే లెక్క వేసుకోండి. కుదిరితే ఆ లెక్కలో పిల్లల్ని కూడా కూర్చోబెట్టండి.

రాజపాళయం వాళ్లకి సిమెంటు గురించి వేరే చెప్పాలా! మన తెలుగువాడు పి.ఎ.సి. రామస్వామి రాజా 1936లో రాజపాళయం మిల్స్ పెట్టారు, 1957లో మద్రాస్ సిమెంట్స్ స్థాపించారు. ఇప్పుడది రామ్‌కో సిమెంట్స్. విరుదునగర్ జిల్లాలో మొదలైన ఆ కంపెనీకి ఆంధ్రలో జగ్గయ్యపేట దగ్గర జయంతిపురంలోనూ, కొలిమిగుండ్లలోనూ ప్లాంట్లున్నాయి. ఆయన 1962లో కన్నుమూసేనాటికి కొడుకు రామసుబ్రహ్మణ్య రాజాకి 27 ఏళ్లు. ఆ వయసులో అంత పెద్ద సంస్థల పూచీ నెత్తిన పడింది. అందరికీ కంపెనీలు వారసత్వంగా రావు. కాని అలాంటి ప్లాంటులో మంచి జీతమున్న ఒక కుర్చీ ఉంది, దాని గురించి మన పిల్లలకి ఎవరూ చెప్పరు. సెంట్రల్ కంట్రోల్ రూం, అందరూ సీసీఆర్ అంటారు, అక్కడి ఆపరేటరు కుర్చీ.

ఆ గదిలో చల్లగా ఏసీ ఉంటుంది, ఎదురుగా తెరలుంటాయి. ఒక తెర మీద మంట. బయట పెద్ద గొట్టం లాంటి కిల్న్ నెమ్మదిగా తిరుగుతుంటుంది. దాని కడుపులో సున్నపురాయి పొడి సుమారు 1450 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర కాలి క్లింకరుగా ముద్దకడుతుంది. బొగ్గు కాస్త ఎక్కువైతే ఒక తంటా, తక్కువైతే క్లింకరు పచ్చిగా మిగిలిపోయే తంటా. లోపలి ఇటుకల పొర ఊడిందంటే పైనున్న ఇనుప తొడుగు ఎర్రగా కాలిపోతుంది, రోజుల తరబడి ప్లాంటు ఆపాల్సి వస్తుంది. ఆపరేటరు మాట్లాడేటప్పుడు కూడా కళ్లు తెర మీదే ఉంటాయి. ల్యాబు నుంచి ఫోనొస్తే “ఫ్రీ లైమ్ ఎంత?” అన్నదే మొదటి ప్రశ్న. అంటే, మిగతావాటితో కలవకుండా మిగిలిన సున్నం ఎంత అని.

ఆ కుర్చీలోకి ఎలా వెళ్తారు? కెమికల్ ఇంజనీరింగ్ డిగ్రీతో వెళ్లొచ్చు, డిప్లమాతో వెళ్లొచ్చు, ప్లాంటు ల్యాబులో కెమిస్టుగా చేరి అటు మళ్లినవాళ్లూ ఉన్నారు. ముందు ఎండలో, దుమ్ములో ప్లాంటంతా తిరిగే డ్యూటీ. ఏ వాల్వు ఎక్కడుంది, ఏ ఫ్యాను చప్పుడు మారింది అన్నది ఒంటికి పట్టాలి. తర్వాత సీనియర్ పక్కన కూర్చుని చూడడం. ఆ తర్వాతే మౌసు మీద చెయ్యి. నేషనల్ కౌన్సిల్ ఫర్ సిమెంట్ అండ్ బిల్డింగ్ మెటీరియల్స్ అనే సంస్థ హర్యానాలోని బల్లభ్‌గఢ్‌లో సిమెంట్ టెక్నాలజీలో ఏడాది పీజీ డిప్లమా నడుపుతోంది. ఆ సంస్థ కేంద్రం హైదరాబాద్‌లోనూ ఉంది. పదో తరగతి తర్వాతే ఈ దారి పట్టాలనుకునేవాళ్లకి రాజపాళయంలో రామస్వామి రాజా పాలిటెక్నిక్ 1963 నుంచీ ఉంది. డిప్లమా చేసినవాళ్లు ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో నేరుగా చేరొచ్చన్న సంగతి ఇప్పటికీ ఎంతోమంది తల్లిదండ్రులకి తెలియదు.

ఓడల సంగతి. తూత్తుకుడి రేవు మనకి దగ్గరే కాబట్టి మర్చంట్ నేవీ మీద మోజు ఎక్కువ. మంచి వృత్తే, జీతాలూ పెద్దవే. ఇండియన్ మారిటైం యూనివర్సిటీ పెట్టే ప్రవేశ పరీక్ష రాయాలి. ఏడాది డిప్లమా దారిలో వెళ్లే డెక్ కేడెట్‌కి ప్లస్ టూలో ఫిజిక్స్, కెమిస్ట్రీ, లెక్కల్లో 60 శాతం, పదిలోగాని ప్లస్ టూలోగాని ఇంగ్లీషులో 50 శాతం ఉండాలి. తర్వాత పద్దెనిమిది నెలలు సముద్రం మీద శిక్షణ. ఆపైన సెకండ్ మేట్ పరీక్ష పాసైతేనే డ్యూటీ ఆఫీసరుగా నిలబడతారు. రంగులు సరిగ్గా కనిపించనివాళ్లకి డెక్ మీద చోటు లేదు. అందుకని డబ్బు కట్టేముందు కంటి పరీక్ష చేయించండి. పైలట్ కావాలనుకునేవాళ్లకీ ఇదే మాట: కమర్షియల్ లైసెన్సుకి 200 గంటలు ఎగరాలి, దానికి లక్షలకి లక్షలు ఖర్చు. ముందు మెడికల్, తర్వాతే ఫీజు.

ఓడ పేరు చెప్పి మోసం చేసే ఏజెంట్లు ఇంకో పెద్ద గండం. “మూడు నెలల కోర్సు, వెంటనే విదేశీ ఓడ, ఇంత కట్టండి” అంటారు. అమ్మ మెళ్లో గొలుసు ఆ మాటకి కరిగిపోతుంది. ఓడల్లోకి మనుషుల్ని తీసుకునే కంపెనీకి డైరెక్టర్ జనరల్ ఆఫ్ షిప్పింగ్ ఇచ్చిన లైసెన్సు ఉండాలి. ఆర్‌పీఎస్ఎల్ అంటారు. ఆ జాబితాలో పేరుందో లేదో ఫోన్‌లో ఐదు నిమిషాల్లో చూసుకోవచ్చు. ఉద్యోగం ఇచ్చేందుకు డబ్బడిగేవాడు ఎవడైనా సరే, అక్కడి నుంచి లేచి వచ్చేయండి. గల్ఫ్ ఉద్యోగాలకి ఈ-మైగ్రేట్‌లో నమోదైన ఏజెంటేనా అని చూడండి. పిల్లవాడు ఇంకొకరి సంతకాన్ని నమ్మి సముద్రం దాటుతున్నాడు, ఆ సంతకం ఎవరిదో తేల్చుకోకుండా పంపకూడదు.

“సాఫ్ట్‌వేర్‌లో ఎవరూ సంతకం పెట్టరు కదా” అని మీరడగొచ్చు. పెడతారు, కాగితం మీద కనిపించదంతే. అర్ధరాత్రి సిస్టం పడిపోతే ఎవరికి ఫోన్ చేస్తారో ఆ మనిషిదే సంతకం. రామస్వామి రాజా కుటుంబం నుంచే వచ్చిన రామ్‌కో సిస్టమ్స్ అనేక దేశాల ఉద్యోగులకి జీతాలు లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ అమ్ముతోంది. ఒక దేశంలో పన్ను నిబంధన తప్పుగా రాస్తే, నెలాఖరున వేలమంది జీతం తప్పుగా పడుతుంది. ఆ నిబంధన నాకు తెలుసు, నేను చూసుకుంటాను అని నిలబడగలిగినవాళ్లకి అక్కడ విలువ. కోర్సు సర్టిఫికెట్లు పది గోడకి తగిలించినవాడికంటే, చిన్నదైనా నలుగురు వాడే ప్రోగ్రాం ఒకటి రాసి, దాని తప్పులు తనే దిద్దుకుంటూ వచ్చినవాడికి అలాంటి ఉద్యోగాల తలుపు త్వరగా తెరుచుకుంటుంది.

ఇంజనీరింగ్, మెడిసిన్ అందనివాళ్ల మాట? వాళ్ల గురించే నాకు ఎక్కువ ఆదుర్దా. చట్టం చిన్న చిన్న సంతకాల్ని కూడా చాలావాటిని తప్పనిసరి చేసింది. బాయిలర్ నడపాలంటే ప్రభుత్వ పరీక్ష పాసైన మనిషి ఉండాల్సిందే. హైటెన్షన్ కరెంటు పని చూసేవాళ్లకి లైసెన్సింగ్ బోర్డు ధ్రువపత్రం కావాలి. మందుల షాపుకి రిజిస్టర్డ్ ఫార్మసిస్టు ఉండాలి, దానికి ప్లస్ టూ తర్వాత రెండేళ్ల డి.ఫార్మసీ, ఆపైన కౌన్సిల్ నమోదు. అనుభవమున్న సర్టిఫైడ్ వెల్డరుకి, వెల్డింగు లోపాలు పట్టుకునే పరీక్షకుడికి రిఫైనరీల్లో వచ్చే జీతం మామూలు డిగ్రీ చేసి ఇంట్లో కూర్చున్నవాళ్లకి ఊహలోకి కూడా రాదు. ఒక్క హెచ్చరిక మాత్రం గట్టిగా చేస్తాను. ఫార్మసీ సర్టిఫికెట్టుని నెలకింతని షాపులకి అద్దెకిచ్చి ఇంట్లో కూర్చునే దిక్కుమాలిన అలవాటు చాలాచోట్ల ఉంది. తప్పు మందు వెళ్లిన రోజున పోలీసులు వెతికేది గోడ మీదున్న ఆ పేరుకోసమే. పూచీ లేని సంతకాన్ని అమ్ముకున్నవాళ్లు బతుకునే అమ్ముకున్నట్టు.

డబ్బు దగ్గర ఆగిపోయేవాళ్లకి రెండు మాటలు. ఆరు నుంచి ప్లస్ టూ దాకా తమిళనాడు ప్రభుత్వ బడుల్లో చదివిన పిల్లలకి వైద్య కోర్సుల్లో 2020 నుంచి, ఇంజనీరింగ్ లాంటి వృత్తి విద్యల్లో 2021 నుంచి 7.5 శాతం సీట్లు విడిగా ఉన్నాయి. ఆ కోటాలో చేరితే ట్యూషన్, హాస్టల్ ఫీజులు ప్రభుత్వమే కడుతుంది. ఇంట్లో మొదటి పట్టభద్రులైతే ఆ సర్టిఫికెట్టు ముందే తీసుకోండి, ఫీజు రాయితీ ఉంది. 2022లో మొదలైన ‘నాన్ ముదల్వన్’ పథకంలో కాలేజీ పిల్లలకి నైపుణ్య శిక్షణ దొరుకుతుంది. అడగందే అమ్మైనా పెట్టదంటారు. తాలూకా ఆఫీసు అంతకంటే గట్టిది, నాలుగుసార్లు అడగండి.

ఇంకో భయం భాష. మన పిల్లలకి ఇంట్లో తెలుగు, బళ్లో తమిళం, ఇంటర్వ్యూలో ఇంగ్లీషు. మాట తడబడితే పనికిరామని వాళ్లే తేల్చేసుకుంటారు. నేను చూసినంతలో, చేసిన పని గురించి మాట్లాడేటప్పుడు ఇంగ్లీషు ఎంతో కొంత దానంతటదే వస్తుంది. చేయని పని గురించి మాట్లాడేటప్పుడే గొంతు పట్టేస్తుంది. రోజూ పది నిమిషాలు, ఆ రోజు చేసిన ఒక పనిని ఇంగ్లీషులో పైకి చెప్పుకోండి. అద్దం ముందు అక్కర్లేదు, మేడ మీద ఒంటరిగా చాలు. మూడు భాషలు మాట్లాడే బుర్ర మీది. 

రెండు వారాల తర్వాత ఆ కుర్రాడు మళ్లీ కనిపించాడు. ఈసారి బస్సు కోసం కాదు, నాకోసమే వచ్చాడు. చేతిలో పాత నోటుబుక్కు. చివరి పేజీలో పెన్సిలుతో ఒక వరస రాసుకున్నాడు. మెడికల్ షాపు గోడ మీది ఫార్మసిస్టు పేరు. వాళ్ల నాన్న రక్తపరీక్ష రిపోర్టు కింద పేరు. పెద్దమ్మ వాళ్ల ఇంటి ప్లాను మీద ఇంజనీరు ముద్ర. దళవాయిపురంలో నైటీలు కుట్టించే చిన్నాన్న జీఎస్టీ కాగితాల మీద ఆడిటరు. అన్న పనిచేసే మిల్లులో, ఫ్రేము కట్టి గోడకి తగిలించిన బాయిలర్ అటెండెంటు ధ్రువపత్రం.

ఆ ఐదో పేరు కింద రెండు గీతలు గీసి ఉన్నాయి.

“మామా, అన్న చెప్పాడు, ఆయన వచ్చే ఏడు రిటైరవుతాడంట. ఆయన కింద ఎన్నేళ్లు చేస్తే ఆ పరీక్షకి కూర్చోనిస్తారు?”